నువ్వు కూర్చో, నేను కనుక్కొస్తా

మా బావ పోయాడన్న కబురు వచ్చిన ఉదయం నేను పెడనలో మా అద్దకం షెడ్డులో ఉన్నాను. ఫోను నాకు రాలేదు, నా భార్యకు వచ్చింది. నాకు చేస్తే ఎత్తనని వాళ్లింట్లో అందరికీ తెలుసు. ఆమె ఇంట్లోంచి షెడ్డు దాకా నడిచొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "అన్నయ్యగారు పోయారటండీ" అంది.

చేతిలో ఉన్న అచ్చును బట్ట మీద ఆనించి, పిడికిలితో ఒక దెబ్బ వేసి, ఎత్తి, మళ్లీ రంగులో అద్దాను.

"నేను రాను" అన్నాను.

బావ నా మొదటి భార్యకు అన్న. అవనిగడ్డ మనిషి. ఉద్యోగమంతా బందరు బస్టాండులో కంట్రోలరుగా చేశాడు. ఏ బస్సు ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో చెప్పడం ఆయన పని. రిటైరయ్యాక కూడా ఆ పని ఆయన్ని వదల్లేదు. పెళ్లిళ్లలో ఎవరు ఏ కారెక్కాలో ఆయనే చెప్పేవాడు. ఎవరైనా తమకు నచ్చిన కారులో కూర్చుంటే తలుపు తీసి, చెయ్యి పట్టుకుని దింపి, ఇంకో కారెక్కించేవాడు. వాళ్లు నవ్వుకుంటూ దిగేవాళ్లు తప్ప ఎందుకని అడిగేవాళ్లు కాదు. ఆయన గొంతులో అడగనివ్వని ధీమా ఏదో ఉండేది.

హోటలుకి వెళ్తే మనకేం కావాలో మనల్ని అడగడు. "వీడికి పూరీ పడదు. రెండిడ్లీ పట్రా, కారప్పొడి వద్దు" అని తనే చెప్పేసేవాడు. చేపల కూర వడ్డిస్తే ముందు నా కంచంలోని ముక్క తీసుకుని, ముల్లు ఏరి, తెల్లటి కండ మళ్లీ నా అన్నం మీద పెట్టేవాడు. పెళ్లైన కొత్తలో అది అల్లుడి మర్యాద అనుకున్నాను. నాకు యాభై దాటాక కూడా మానలేదు.

"ముళ్లు తీసుకోవడం నాకొచ్చు బావా" అనేవాణ్ణి.

"వచ్చులేరా, తిను" అనేవాడు.

బస్సులో ఎప్పుడూ కూర్చునేవాడు కాదు. సీట్లన్నీ ఖాళీగా ఉన్నా ఫుట్‌బోర్డు దగ్గర కడ్డీ పట్టుకుని, డ్రైవరుకంటే శ్రద్ధగా రోడ్డు చూస్తుండేవాడు. నన్ను మాత్రం కిటికీ పక్కన కూర్చోబెట్టేవాడు.

ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది. "నువ్వు కూర్చో, నేను కనుక్కొస్తా." కరెంటాఫీసు గానీ, బ్యాంకు గానీ, ఆస్పత్రి గానీ, ఎక్కడికెళ్లినా నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి తను లోపలికెళ్లేవాడు. బయటికొచ్చేసరికి పని అయిపోయి ఉండేది. లోపల ఏం మాట్లాడాడో చెప్పేవాడు కాదు. "అయిపోయిందిలే, పద" అనేవాడు. నా సగం జీవితం అలాంటి బెంచీల మీద హాయిగా గడిచింది. అడుగడుగునా మనకోసం ఒకడు ముందు నడుస్తుంటే ఆ సుఖమే వేరు.

ఆయన చెల్లెలు పోయాక కొన్నేళ్లు ఒంటరిగా ఉన్నాను. మాకు పిల్లల్లేరు. ఒకసారి గుడివాడ స్కూల్లో పనిచేసే టీచర్లు కొందరు చీరలు చూడడానికి మా షెడ్డుకొచ్చారు. వాళ్లలో మొవ్వ ఊరి అమ్మాయి ఒకామె ఉంది. అమ్మాయంటే నలభై దాటిన మనిషే. భర్త జబ్బుచేసి పోయాడు. ఆమె చీర ఎంచుకోవడానికి ఎంతసేపు తీసుకుందంటే, తక్కినవాళ్లంతా ఆటోలో కూర్చుని కేకలేశారు. తర్వాత ఇంకో చీర కోసం ఒక్కతే వచ్చింది. ఏడాది తిరిగేసరికి పెళ్లి చేసుకుందామనుకున్నాం.

ఈ మాట అందరికంటే ముందు బావకు చెప్పాలి. ఆయన చెల్లెలి ఫొటో ఉన్న గదిలోనే చెప్పాను. ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. "నువ్వు కూర్చో, నేను కనుక్కొస్తా" అని గుడివాడ బస్సెక్కి వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి, "మంచి పిల్లరా. చేసుకో" అన్నాడు.

రిజిస్ట్రారాఫీసులో మొదటి సాక్షి ఆయనే. సంతకం చేసి, ఆమెతో, "ఈ పూట నుంచి నువ్వు కూడా మా చెల్లెలివేనమ్మా" అన్నాడు. ఆ తర్వాత బయట మెట్ల మీద కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. ఎవరూ ఆయన దగ్గరికి వెళ్లలేదు.

యాభై దాటిన మనిషికి మళ్లీ యవ్వనం వచ్చిందంటే నవ్వుతారు. నాకు వచ్చింది. ఆమె స్కూలు నుంచి వచ్చే బస్సు కోసం పెడన సెంటర్లో నిలబడేవాణ్ణి. మొదటి భార్యతో నేను మంచిగానే ఉన్నాను, కానీ మా ఇద్దరికీ సిగ్గు ఎక్కువ. దీపం ఉండగా ఒకరి మొహం ఒకరం చూసుకోకుండానే కాపురం గడిచిపోయింది. ఈమెతో నేను మొదటిసారి పగలు కూడా మొగుణ్ణయ్యాను. ఇంతకంటే వివరంగా రాయలేను.

అలా ఆరేళ్లు గడిచాక మూత్రానికి ఇబ్బంది మొదలైంది. గుడివాడలో డాక్టరు రక్తపరీక్ష చేయించి, మొహం మార్చుకుని బెజవాడ వెళ్లమన్నాడు. అక్కడ ముక్క తీసి పరీక్ష చేశారు. ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరు. గ్రంథి దాటి బయటికి రాలేదని, ఆపరేషను చేస్తే సరిపోతుందని చెప్పారు.

ఆ సర్జను నెమ్మదస్తుడు. కాగితం మీద బొమ్మ గీసి నాకూ, నా భార్యకూ, బావకూ చెప్పాడు. గ్రంథికి అటూ ఇటూ సాలెపట్టులాంటి సన్నటి నరాలుంటాయి. మొగుడూపెళ్లాల సంసారం ఆ నరాల మీద ఆధారపడి ఉంటుంది. వాటిని తీసేస్తే ప్రాణానికేం కాదు, ఆ సుఖం మాత్రం పోతుంది. ఇదివరకు క్యాన్సరు అంచుదాకా పాకిందో లేదో తెలియక చాలామందికి వాటిని కూడా తీసేసేవాళ్లు.

"ఇప్పుడు గుడ్డిగా తీయక్కర్లేదండీ" అన్నాడు. "రోబో సాయంతో గ్రంథిని బయటికి తీసిన వెంటనే, మీరింకా మత్తులో ఉండగానే, దాని అంచుకి రంగు పట్టించి స్కానరు కింద పెడతాం. కాసేపట్లో తెర మీద ఇమేజి వస్తుంది. అంచు శుభ్రంగా ఉంటే నరాలు ఉంచేస్తాం. క్యాన్సరు అంచుని తాకితే ఆ పక్క నరాలు తీసేస్తాం."

రంగు పట్టించి చూస్తారన్న మాట నాకు ధైర్యమిచ్చింది. రంగు ఎక్కడ పట్టిందో ఎక్కడ పట్టలేదో చూడడమే నా వృత్తి. మనుషుల మాట కంటే తెర మీద బొమ్మ మాట నమ్మొచ్చు అనుకున్నాను.

"ఒక్కోసారి ఇమేజి కూడా తేల్చి చెప్పదు" అన్నాడు డాక్టరు. "అనుమానంగా ఉంటే మీ వాళ్లని పిలిచి అడుగుతాను. ఎవరిని అడగమంటారు?"

"మా బావని" అన్నాను. నా భార్య పక్కనే ఉంది. ఆమె కంగారు మనిషి, అలాంటి భారం ఆమె మీద పెట్టకూడదనిపించింది.

ఆపరేషనుకి ముందురోజు ఇంట్లో ఆమెతో చెప్పాను: అనుమానంగా ఉంటే ఉంచెయ్యమంటాను, తర్వాత మందులున్నాయి, రేడియేషను ఉంది, చూసుకుందాం అని. ఆమె తలూపింది. ఆస్పత్రి వరండాలో బావకూ చెప్పాను. చెప్పడానికి ఎంత సిగ్గుపడ్డానో!

"బావా, తేలకపోతే ఉంచెయ్యమను. ఆరేళ్లే కదా మేమిద్దరం..." అని ఆగిపోయాను.

ఆయన నా భుజం మీద చెయ్యేశాడు. "నాకర్థమైందిలేరా. నువ్వు పడుకో, నేను చూసుకుంటా."

మెలకువ వచ్చేసరికి ఆయన నా మంచం పక్కన నిలబడి ఉన్నాడు. కూర్చోలేదు.

"ప్రాణానికి భయం లేదురా. కానీ ఇమేజింగులో రెండు పక్కలా కనబడింది. డాక్టరుగారికి వేరే దారి లేకపోయింది" అన్నాడు.

నేను బొమ్మను నమ్మాను. బొమ్మ చెప్పింది కాబట్టి తల వంచాను. మూత్రం ఆగక రోజూ లుంగీ తడుస్తుంటే, చిన్నపిల్లాడిలా ప్యాడ్లు కట్టుకుని షెడ్డుకెళ్తుంటే, నా భార్య పక్కలో మొద్దులా పడుకుని ఉంటే, ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు. నరం మీద క్యాన్సరుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? తడవడం కొన్నాళ్లకి తగ్గింది. పోయిన సుఖం మాత్రం తిరిగి రాలేదు. మాత్రలు, సూదులు ఏవీ పని చేయలేదు. ఆమె ఒక్కనాడూ చిన్న మాట అనలేదు. ఆ మంచితనం నన్ను ఇంకా కుంగదీసేది.

బావ ఆదివారాలు వచ్చేవాడు. రిపోర్టులు తేవాలన్నా, అపాయింటుమెంటు తీసుకోవాలన్నా ఆయనే. చేప ముల్లు తీసి నా అన్నం మీద పెడుతూనే ఉన్నాడు. ఎప్పుడైనా నేను దిగులుగా కనబడితే, "ఏం చేస్తాంరా, బొమ్మలో అలా వచ్చింది" అనేవాడు. రెండేళ్ల పాటు ఆ మాట అన్నాడు.

తర్వాత ఒకసారి చెకప్పుకి నేనొక్కణ్ణే బెజవాడ వెళ్లాల్సి వచ్చింది. రక్తపరీక్ష బాగుంది. డాక్టరు సంతోషంగా ఉన్నాడు. కొత్త స్కానరు వచ్చిందని, ఇమేజి ఇప్పుడు చాలా స్పష్టంగా కనబడుతోందని చెబుతూ, "మీ కేసు ఇప్పుడు వచ్చుంటే అనుమానమే ఉండేది కాదు. మీ కుడిపక్క నరాలు నిక్షేపంగా ఉంచేసేవాళ్లం" అన్నాడు.

"అనుమానమేంటండీ? రెండు పక్కలా ఉందన్నారు కదా?"

"ఎడమపక్క ఉంది. అది తియ్యక తప్పదు. కుడిపక్క అంచున చిన్న మసక కనబడింది, అంతే. ఉంచి చూద్దామనే నా ఉద్దేశం. మీ బావగారికి తెర మీద చూపించి అడిగాను. పావుగంట ఆలోచించుకుని వచ్చి, తీసెయ్యమన్నారు." నా మొహం చూసి ఆయన గొంతు మారింది. "మీకు తెలుసనుకున్నాను. తర్వాత పరీక్షలో ఆ ముక్కలో ఏమీ లేదు లెండి. మంచిదే కదా."

మంచిదేనన్నట్టు నేను తలూపాను. ఏమీ లేని చోటు కోయించుకున్నందుకు ఆయనకి నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే అవనిగడ్డ వెళ్లాను. బావ ఇంట్లో లేడు. బస్టాండులో ఉంటాడని ఆయన భార్య చెప్పింది. రిటైరయ్యాక రోజూ అక్కడికి పోయి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ బస్సులు చెప్పడం ఆయన కాలక్షేపం. తెల్ల చొక్కా, చంకలో గొడుగు. నన్ను చూసి మొహం వెలిగింది.

"ఏరా, చెప్పకుండా వచ్చావు? టిఫిను తిన్నావా?"

"నిన్న డాక్టరు దగ్గరికెళ్లాను బావా. కుడిపక్క ఉంచుదామన్నాడట. నువ్వే తీసెయ్యమన్నావట."

ఆయన నా వైపు చూడలేదు. చేపల తట్టతో ఒక ముసలమ్మ ఎదురుగా ఉన్న బస్సెక్కబోతోంది. "అది కాదమ్మా! హంసలదీవి బస్సు వెనకాల ఉంది" అని కేకేశాడు. ఆమె దిగి వెనక్కి వెళ్లేదాకా చూశాడు. అప్పుడన్నాడు:

"అవును. నేనే అన్నాను."

"రెండు పక్కలా కనబడిందని చెప్పావు."

"చెప్పాను."

"నోరు తెరిచి నీకు చెప్పుకున్నాను కదా బావా. ఇంకెవరికీ చెప్పుకోలేదు."

"బతికున్నావుగా?"

"నేనడిగింది అది కాదు."

అప్పుడు ఆయన నా కళ్లలోకి చూశాడు. "మా చెల్లెలు బతికుండి, నీకిలా వచ్చుంటే, ఆ నరాలు ఉంచమని నన్ను బతిమాలేవాడివా? చెప్పు."

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద అటు తిరిగి నిలబడ్డ మనిషి ఇన్నేళ్లూ అక్కడే నిలబడి ఉన్నాడన్నమాట. తన చెల్లెలికి లేని సుఖం ఇంకొకరికి ఉండకూడదని, నేను స్పృహ లేకుండా పడి ఉన్నప్పుడు తీర్పు చెప్పాడన్నమాట. అలాగే అర్థమైంది నాకు.

వెనుదిరిగి, కదలబోతున్న బస్సు వైపు నడిచాను. వెనకనుంచి ఆయన గొంతు వినబడింది. "అదెక్కకురా, మొవ్వ మీదుగా తిరిగెళ్తుంది. బందరు బస్సు ఇంకోటుంది."

ఆ బస్సే ఎక్కాను. మొవ్వ మీదుగా తిరిగి తిరిగి ఎండలో ఇల్లు చేరాను.

జరిగిందంతా నా భార్యకు చెప్పాను. ఆమె వింటూ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. "ఆయన మంచికే అనుకుని ఉంటారులెండి" అని మాత్రం అంది. ఆ మాటకి ఆమె మీద కూడా విసుక్కున్నాను. ఆ తర్వాత బావ ఫోను చేస్తే ఎత్తలేదు. రెండు ఆదివారాలు వచ్చాడు. నేను షెడ్డులోంచి బయటికి రాలేదు. ఆమె కాఫీ ఇచ్చి పంపేది. మూడో ఆదివారం నుంచి రావడం మానేశాడు.

ఇప్పుడు పోయాడు. గుండెపోటు. బస్టాండు నుంచి ఇంటికొచ్చి, మంచినీళ్లడిగి, అవి తెచ్చేలోపే పోయాడట.

"నేను రాను" అన్న నా మాట విని ఆమె ఇంట్లోకెళ్లింది. చీర మార్చుకుని, సంచి పట్టుకుని మళ్లీ వచ్చింది.

"మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను."

"నిన్ను ఆస్పత్రి గదిలో కూర్చోబెట్టి, కిందికెళ్లి నా బతుకు తేల్చేసి వచ్చిన మనిషి. నీకెందుకంత?"

ఆమె షెడ్డులోకి వచ్చింది. పనివాళ్లు ఇంకా రాలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"నన్ను కూర్చోబెట్టలేదండీ. బొమ్మ చూసి మళ్లీ పైకొచ్చారు. చెప్పులు కింద ఆపరేషను గది ముందే వదిలేసి, ఒట్టి కాళ్లతో మెట్లెక్కి వచ్చారు. నన్నడిగారు."

"ఏమని?"

"ఎడమపక్కది తియ్యాల్సిందేనట, కుడిపక్క మాత్రం అంచున పొగలాగా ఉందమ్మా అన్నారు. అదేంటో డాక్టరుగారికీ తెలియడం లేదు, ఉంచమంటే ఉంచుతారు అన్నారు. 'వాడు ఉంచమని నన్ను నమ్మి చెప్పాడు. కానీ పెళ్లానివి నువ్వు. ఏం చెయ్యమంటావు?' అన్నారు."

నా చేతిలో అచ్చు అలాగే ఉంది. రంగు కారి బట్ట మీద పడుతోంది.

"తీసెయ్యమన్నాను" అంది ఆమె. "వాడు నన్ను నమ్మాడమ్మా అని ఆయన ఇంకోసారన్నారు. నేను వినలేదు. నా మొదటి భర్తకి కామెర్లొచ్చినప్పుడు అందరూ చూద్దాం చూద్దాం అన్నారు. చూస్తుండగానే పోయాడు. ఇంకోసారి చూడలేను, నాకు మనిషి కావాలి అన్నయ్యగారూ అన్నాను. అప్పుడు, 'సరే. ఈ మాట నువ్వనలేదు, నేనన్నాను. వాడికి తెలిస్తే నీ పక్కన పడుకోలేడు' అని కిందికెళ్లిపోయారు."

"మరి వాళ్ల చెల్లెలి మాట ఎందుకన్నాడు నాతో?"

"నాకు తెలియదండీ. అది నాకూ చెప్పలేదు."

నా కోపాన్ని ఆమె మీదికి రానివ్వకుండా ఆపడానికే అంత చేదు మాట వెతికి అన్నాడా, లేక లోపల దాచుకున్నది ఆ రోజు నిజంగానే బయటపడిందా? అడగడానికి మనిషి లేడు. ఆ ఒక్కటీ కనుక్కొచ్చి చెప్పగలవాడు ఆయనొక్కడే.

ఇద్దరం కలిసి అవనిగడ్డ వెళ్లాం. వాళ్లింటి ముందు బస్సు డ్రైవర్లు, కండక్టర్లు చాలామంది ఉన్నారు. ఆయన్ని బయట పడుకోబెట్టారు. మాట్లాడకుండా పడుకుని ఉన్న బావని నేను అంతకుముందు చూడలేదు. పాడె మోయడానికి రమ్మన్నారు. మోశాను. జాలి కలగలేదని చెప్పను. కానీ భుజం మీద ఆ బరువు ఉన్నంతసేపూ నాకు ఒకటే తోచింది: నా గురించి ఈయన ఒక నిజం దాచాడు, ఆమె ఒక నిజం దాచింది, ఇద్దరూ నామీద ప్రేమతోనే దాచారు, ఇద్దరూ నన్ను లెక్కలోకి తీసుకోలేదు. నా ఒంటి గురించి ఈ భూమ్మీద అందరికంటే తక్కువ తెలిసినవాణ్ణి నేనే.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. మోపిదేవి వైపు రోడ్డెక్కాక అడిగాను.

"నీకూ చెప్పాను కదా ముందురోజు. తల కూడా ఊపావు. తీసెయ్యమని చెప్పేటప్పుడు నా మాట గుర్తొచ్చిందా?"

"వచ్చింది" అంది. "అందుకే వెంటనే చెప్పేశాను. కాస్త ఆలోచిస్తే చెప్పలేకపోయేదాన్ని."

పులిగడ్డ వారధి మీద బస్సు నెమ్మదించింది. ఆమె చెయ్యి నా చేతి మీదికి వచ్చింది. నేను నా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పట్టుకోనూ లేదు. బందరు వచ్చేదాకా రెండు చేతులూ అలాగే ఉన్నాయి.